టిప్పర్‌మన్ వంశ మూలపురుషుడు తిప్పయ్య

అరవై ఏళ్ళు దాటినా తిప్పయ్య ఒక్కరోజు కూడా ప్యాంటు వేసుకోలేదు. వేసుకున్నవాళ్ళ మీద ఆయనకు మంచి అభిప్రాయమూ లేదు. "ముందర బిగించి, ఎనక బిగించి, నడిమధ్యన జిప్పు. దేవుడిచ్చిన గాలి యాడికి పోవల్ల?" అని అడిగేవాడు. అలాంటి మనిషి బొమ్మ కొన్నేళ్ళపాటు బళ్ళారి నుంచి హిందూపురం దాకా కుర్రకారు పిర్రల మీద ఊరేగింది. కింద ఇంగ్లీషులో "టిప్పర్‌మన్ అండ్ సన్స్, అమెరికా, 1874" అని ఉండేది.

తిప్పయ్య అసలు పని గొర్రెలు మేపడం. మా రాయదుర్గం చుట్టుపక్కల కొండల్లో ఆయనకు తెలియని పొద లేదు. ఎండాకాలం మందను తోలుకుని తుంగభద్ర కాలువల దాకా నడిచిపోయేవాడు, వానలు మొదలయ్యాక తిరిగొచ్చేవాడు. తర్వాత్తర్వాత వానలే రావడం మానేశాయి. మంద కరిగిపోయింది. ఆఖరుకు మిగిలిన ముసలి గొర్రెల్ని సంతలో అమ్మిన రోజు తిప్పయ్య ఏడవలేదు. ఆకాశం వైపు చూసి ఒక బూతుమాట అని, కంబళి దులిపి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు.

ముగ్గురు కొడుకులూ అప్పటికే పొట్ట చేతపట్టుకుని తలో దిక్కుకు పోయారు. పెద్దవాడు ఈరన్న గుంతకల్లులో రైలు పట్టాల పనికి, నడిపివాడు చిన్నప్ప బత్తలపల్లెలో సైకిలు మీద స్టీలు సామాన్లు అమ్మడానికి, చిన్నవాడు ఎర్రిస్వామి గోరంట్లలో శెనక్కాయల నూనె మిల్లుకు. కూతురు ఆంజినమ్మ మాత్రం రాయదుర్గంలోనే ఉంది. ఆమె మొగుడు లారీ మీద పోయేవాడు, గుర్తొచ్చినప్పుడు ఇంటికొచ్చేవాడు. ఆంజినమ్మ శశికుమార్ జీన్స్ యూనిట్‌లో గుండీలు వేసే మిషన్ మీద పని చేసేది. అదే యూనిట్‌కు తండ్రిని కావలికి పెట్టించింది. తిప్పయ్య పొడగరి, పైగా మీసం. ఆ మీసం రెండు వైపులా చెవుల దాకా పోయి, అక్కడ చోటు చాలక పైకి తిరిగేది. దాన్ని చూసి దొంగలు రారని శశికుమార్ లెక్క.

శశికుమార్ ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టాడు. పట్టు ఆడపెండ్లివాళ్ళు మాత్రమే కొంటారు, జీన్స్ గాడిదలు కాసేవాడు కూడా కొంటాడని కనిపెట్టి రాయదుర్గం వచ్చాడు. ఊళ్ళో అందరిలాగే ఆయనా పేరుమోసిన కంపెనీల లేబుళ్ళు అంటించి ప్యాంట్లు కుట్టించేవాడు. తొంభై ఎనిమిదిలో పక్కవీధి యూనిట్ మీద ఆఫీసర్లు పడి, లేబుళ్ళతో సహా సరుకంతా లారీకి ఎత్తుకుపోయారు. శశికుమార్ ఆ మధ్యాహ్నమే తన లేబుళ్ళన్నీ పెరట్లో కుప్పపోసి అగ్గి పెట్టాడు.

ఆ పొగకు దగ్గుతూ తిప్పయ్య అన్నాడు: "ఏమప్పా శశీ, ఇన్నాళ్ళూ ఊరోళ్ళ పేరు పెట్టుకుని కుడ్తాంటివి. నీకు పేరు లేదా?"

"నా పేరు పెడితే ఎవుడు కొంటాడు తిప్పన్నా? అమెరికా పేరుండల్ల."

"అట్లయితే అమెరికాలో నీకొక తాతను చూసుకో."

తిప్పయ్య ఎగతాళికి అన్నాడు. శశికుమార్ ఆ మాటను ఇంటికి తీసుకుపోయాడు. ఆయన భార్య చంద్రిక అనంతపురంలో బి.ఏ. చరిత్ర చదివి, ఆ చదువును ఎక్కడ వాడాలో తెలియక చిక్కుడుకాయలు తరుగుతూ ఉండేది. మొగుడి మాట వినగానే కత్తిపీట పక్కకు జరిపింది. "తాత యూనిట్ గేటు కాడే ఉండాడు కదా," అంది.

మరుసటి రోజు తిప్పయ్యను ఫొటో స్టూడియోకు తీసుకుపోయారు. పెళ్ళిళ్ళలో బ్యాండు వాయించేవాళ్ళ దగ్గర జరీ అంచు కోటు తెచ్చారు. టోపీ స్టూడియోవాడిదే. కోటు వేసుకోవడానికి ఆయన ఒప్పుకున్నాడు, టోపీకి సణుగుతూ ఒప్పుకున్నాడు గానీ, నుదుటి మీద బీరప్ప స్వామి బండారు తుడవమంటే మాత్రం వినలేదు. "దొర కోసం దేవుణ్ణి తుడుస్తానా?" అన్నాడు. ఫొటో నలుపు తెలుపులో తీశారు. పసుపు బండారు నుదుటి మీద పాత గాయపు మచ్చలాగా పడింది. చంద్రిక దాన్ని చూసి సంబరపడింది. అమెరికా అంతర్యుద్ధంలో తగిలిన తూటా గాయం అని రాసుకుంది.

పేరు కూడా ఆమే పెట్టింది, ముందర జెరమయా అని తగిలించి. తిప్పయ్య టిప్పర్ అయ్యాడు, టిప్పర్ టిప్పర్‌మన్ అయ్యాడు.

"టిప్పర్ లారీ మాదిరి ఉండాదే," అన్నాడు శశికుమార్.

"బరువుండల్ల కదా."

ప్రతి ప్యాంటుకూ దారంతో వేలాడదీసే అట్టమీద వంశ చరిత్ర అచ్చు వేయించాలని ఆమె పట్టు పట్టింది. కథకు సరుకు కోసం తిప్పయ్యను కూర్చోబెట్టి కాఫీ పోసి ఆయన బతుకంతా అడిగింది. ఆయన కరువులో మంద పోయిందన్నాడు. ఆమె మంచు తుఫానులో వెయ్యి ఆవులు పోయాయని రాసింది. ఆయన కంబళి ఒక్కటే భుజాన వేసుకుని తుంగభద్రకు నడిచానన్నాడు. ఆమె కాలిఫోర్నియాకు నడిపించింది. కొడుకులేం చేస్తారని అడిగితే చెప్పాడు. అట్ట మీద పెద్దకొడుకు టిప్పర్‌మన్ రైలు మార్గాలు వేశాడు, రెండోవాడు ఉక్కు కర్మాగారం పెట్టాడు, మూడోవాడు నూనె బావులు తవ్వాడు.

"ఇంత సులభమా పాపా?" అన్నాడు తిప్పయ్య.

"నేను చదివినోళ్ళందరి కతా ఇంతే తాతా. మొదుటోడు దోచుకుంటాడు. కొడుకు బంగళా కడ్తాడు. మనవడు పాపం పోవాలని ఆస్పత్రి కడ్తాడు. మునిమనవళ్ళు కోర్టుకు పోతారు. ఆ తర్వాతోడు ఏ పనీ రాక బొమ్మలు గీస్తాడు."

"మా ఇంట్లో మొదుటోడే ఇంగా దోచుకోలేదు కదమ్మా."

ఆస్పత్రి మాట మాత్రం ఆయన చెవిలో పడిపోయింది. న్యూయార్కులో టిప్పర్‌మన్ ఆస్పత్రి ఉందని అట్ట మీద అచ్చయ్యాక, "ఆడ నా మోకాలు చూస్తారేమో కనుక్కో," అని చంద్రికను పదేపదే అడిగేవాడు.

అలిగింది ఆంజినమ్మ ఒక్కతే. "మొగోళ్ళకు రైలు, ఉక్కు, నూనె పంచితివి. నేను పుట్టలేదా అక్కా?"

"అమెరికా దొరలు ఆడపిల్లల్ని ఆస్తిలోకి రానీరమ్మే. ఇంగ్లండులో అప్పులపాలైన జమీందార్లకిచ్చి పెండ్లి చేస్తారు."

"అప్పులోడైనా ఇంట్లో ఉండేవోడైతే చాలులే," అని ఆంజినమ్మ మిషన్ దగ్గరికి పోయింది.

ప్యాంట్లు అమ్ముడుపోయాయి. మామూలుగా కాదు, శశికుమార్ రెండో షెడ్డు వేసేటంతగా. బట్ట అదే, కుట్టు అదే, మొదటి ఉతుక్కే రంగు పోవడం కూడా అదే. కానీ మూడు తరాల చరిత్ర ఉన్న ప్యాంటు కాబట్టి రంగు పోతే అది పాతదనపు అందం అని జనమే సర్దిచెప్పుకున్నారు. అనంతపురం కాలేజీల్లో కుర్రాళ్ళు టిప్పర్‌మన్ ముసలాయన గురించి మాట్లాడుకునేవాళ్ళు. కదిరిలో ఒక బట్టల కొట్టాయన ఆ బొమ్మకు ఆయుధపూజ నాడు దండ వేశాడని కూడా మాకు తెలిసింది.

గుంతకల్లులో ఈరన్న తన కొడుక్కు పండక్కు ప్యాంటు కొన్నాడు. దాని మీద నాయన టోపీ పెట్టుకుని ఉన్నాడు, అట్టమీద కథలో కొడుకులు ముగ్గురూ ఉన్నారు. ఈరన్న తమ్ముళ్ళకు కబురు పెట్టాడు. ముగ్గురూ కలిసి ఒక ఆదివారం యూనిట్ గేటు ముందు దిగారు. తండ్రి కడుపునిండా తింటున్నాడా అని అడగలేదు. పెద్దకొడుకుగా తన బొమ్మ కూడా వేయాలని ఈరన్న, ఉక్కు కన్నా రైలు ఎక్కువెట్లా అని చిన్నప్ప, తననైతే నూనెలో ముంచి వదిలేశారని ఎర్రిస్వామి. గేటు దగ్గర చొక్కాలు పట్టుకున్నారు. తిప్పయ్య కావలి కర్ర తీసుకుని ముగ్గురికీ సమానంగా పంచాడు.

ఆ గొడవకు చంద్రికకు ఒళ్ళు మండింది. తర్వాత అచ్చు వేయించిన అట్టల్లో కథ మార్చేసింది. ముసలి టిప్పర్‌మన్ తన తాగుబోతు కొడుకులు ముగ్గురినీ వెళ్ళగొట్టి, యావదాస్తీ కూతురు ఏంజెలీనా పేర రాసి 1911లో ప్రశాంతంగా కన్నుమూశాడు.

ఆ అట్టను ఎవరో ఈరన్నకు చదివి వినిపించారు. ముగ్గురూ ఈసారి ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చారు. బీరప్ప గుడి ముందు పంచాయితీ కూర్చుంది. ఈరన్న అట్టను పెద్దల ముందు పెట్టి, "చూడండి సామీ, అచ్చులో వేయించినాడు. ఆస్తంతా ఆంజినికంట!" అన్నాడు.

"యా ఆస్తిరా?" అన్నాడు తిప్పయ్య. "ఈ కంబళి చించి ముక్కలు చేయల్నా?"

"అట్లయితే ఎందుకు రాయించినావు?"

"రేయ్, దాంట్లోనే రాసినారంట, నేను చచ్చిపోయినానని. చచ్చినోడు రాసిన వీలునామాకి బతికుండేవోడు యాల జవాబు చెప్పల్ల?"

పెద్దలు ఈ ప్రశ్న గురించి చాలాసేపు ఆలోచించి, జవాబు లేదని తేల్చి, టీ తాగి లేచారు. కొడుకులు ఆ ఏడాదంతా చెల్లెలితో మాట్లాడలేదు. లేని ఆస్తి పోయిందన్న కోపం ఉన్న ఆస్తి పోయినదానికన్నా గట్టిగా ఉంటుంది.

రెండువేల రెండులో బెంగళూరు నుంచి ఒక పెద్ద షోరూం ఆయన కారులో వచ్చాడు. అమెరికా కంపెనీకి ఇక్కడ లైసెన్సు యూనిట్ ఉందని శశికుమార్ ఫోన్లో చెప్పి ఉన్నాడు. కారు గేటు ముందు ఆగింది. తొంభై ఏళ్ళ కిందట పోయిన జెరమయా టిప్పర్‌మన్, భుజాన కంబళితో, చెవి మీద బీడీతో వచ్చి, "ఎవురు కావల్లప్పా?" అన్నాడు.

బెంగళూరాయన అట్ట చూశాడు, మనిషిని చూశాడు. మళ్ళీ అట్ట చూశాడు. శశికుమార్ పరుగెత్తుకొచ్చి, "ఆ వంశంలో ఒక కొమ్మ ఇండియాకు వచ్చిందండీ," అని మొదలుపెట్టాడు.

"యా కొమ్మా లేదు," అన్నాడు తిప్పయ్య. "నేను కురబోళ్ళ తిప్పయ్యని."

బెంగళూరాయన కారులోనే పగలబడి నవ్వాడు. సరుకు కావాలన్నాడు. కానీ పోతూ పోతూ, "ఈ మనిషిని ఇలాగే గేట్లో నిలబెడితే రేపు పేపర్లో పడతారు" అని శశికుమార్‌ను హెచ్చరించాడు.

సాయంత్రం శశికుమార్ తిప్పయ్య పక్కన బండ మీద కూర్చున్నాడు. "మీసం తీసేస్తే చాలు తిప్పన్నా. మళ్ళ పెరుగుతాది కదా."

తిప్పయ్య చెవి మీది బీడీ తీసి ముట్టించాడు. తర్వాత అన్నాడు: "వాడెవుడో అమెరికావోడు. పుట్టలేదు, చావలేదు. వాడు బతకల్లని నా మీసం తీయల్నా? ఇది నా పెండ్లికి ముందు నుంచి ఉండాది."

కర్ర గేటుకు ఆనించి లేచాడు. లోపలికి పోయి కూతుర్ని పిలిచాడు. "ఆంజినీ, పోదాం పా. ఈడ మనకొద్దు."

ఆంజినమ్మ మిషన్ ఆపలేదు. "నాయనా, నీకు మీసముండాది. నాకు పిల్లోళ్ళుండారు. నువ్వు పో, నేను రాను."

ఆ మాట ఆయనకు తగిలింది. సరైన మాట కాబట్టి ఇంకా గట్టిగా తగిలింది. ఒక్కడే ఇంటికి నడిచిపోయాడు.

తర్వాతి ఏళ్ళు ఆయనకు బాగోలేదు. ఊళ్ళోవాళ్ళ మేకల్ని కూలికి తోలుకుపోయేవాడు. తిట్లు కూడా తగ్గాయి. అది చూసి ఆంజినమ్మ భయపడింది. బస్టాండులో కుర్రాళ్ళు వెనక జేబు మీద ఆయన్నే పెట్టుకుని, ఆయన పక్కనే నిలబడి, "తాతా, జరుగు" అనేవాళ్ళు. ఒకసారి బస్సులో ఒకడు సీటు కోసం ఆయన్ను లేపి, ఆయన బొమ్మ మీదే కూర్చున్నాడు. ఇంటికొచ్చి ఇది చెప్పి తిప్పయ్య నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

ఈలోగా శశికుమార్‌కు శాస్తి జరిగింది. లింగరాజు అని ఇంకో యూనిట్ ఆసామి "టిప్పర్‌సన్ అండ్ బ్రదర్స్" అని మొదలుపెట్టాడు. దాని మీద కూడా మీసాల ముసలాయన, టోపీ, నుదుట గాయం. బట్ట కొంచెం మేలురకం, ధర కొంచెం తక్కువ. శశికుమార్ గుండెలు బాదుకున్నాడు. "నా కంపెనీకి నకలు చేస్తాడా! ఈ లోకంలో నీతి ఉండాదా?" అన్నాడు. పదేళ్ళు ఊరోళ్ళ లేబుళ్ళు అంటించిన నోటితోనే అన్నాడు.

స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాడు. ఎస్సై ఒకే ప్రశ్న వేశాడు: "అసలు నీదేనని రుజువేముంది?"

రుజువు ఊరి బయట మేకలు మేపుతూ ఉంది. శశికుమార్‌కు పోవడానికి మొహం చెల్లక చంద్రికను పంపాడు. ఆమె ముళ్ళ కంపల్లో నడిచి పోయి తిప్పయ్యను కలిసింది. "తాతా, మా ఆయన చేసింది తప్పే. నీ మీసమే ఇప్పుడు మాకు దిక్కు."

"తీయమన్నోడు ఇప్పుడు చూపించమంటాండాడా?"

"అవును తాతా."

తిప్పయ్యకు రెండేళ్ళలో మొదటిసారి కడుపారా తిట్టడానికి సందు దొరికింది. శశికుమార్‌ను, వాళ్ళ మగ్గాన్ని, అమెరికాను తీరిగ్గా తిట్టాడు. చంద్రిక రాతి మీద కూర్చుని చివరిదాకా విన్నది. అయిపోయాక, "పదమ్మా, పోదాం," అని ఆయనే లేచాడు.

స్టేషన్లో బెంచీ మీద ఇంకో మీసాల ముసలాయన ఉన్నాడు. ఆయన మారెప్ప. లింగరాజు తన రుజువును తాను తెచ్చుకున్నాడు. లోపల యజమానులిద్దరూ అరుచుకుంటున్నారు.

"సార్, మాది 1874!" అన్నాడు శశికుమార్.

"మాది 1868 సార్," అన్నాడు లింగరాజు. "ఆరేళ్ళు ముందు పుట్టినోడు నకలెట్లయితాడు? వీళ్ళే మాకు నకలు!"

బయట మారెప్ప తిప్పయ్యను పరీక్షగా చూశాడు. "నిన్ను యాడనో చూసినానప్పా."

"ప్యాంటు మీద చూసింటావు."

"కాదు. తుంగభద్ర కాలవ కాడ. నీ మందలో ఒక కుంటి పొట్టేలు ఉండె."

తిప్పయ్య మొహం విప్పారింది. "ఉండె! దాని పొగరు నువ్వు చూసినావా?"

మారెప్ప కూడా మంద అమ్ముకున్నవాడే. మీసం మాత్రం బొమ్మలో ఉన్నంత లేదు. "నాది సగమే," అన్నాడు సిగ్గుపడుతూ. "మిగతాది కంప్యూటర్లో పెంచినారు." రెండు అమెరికా వంశాల మూలపురుషులూ ఒక బీడీ పంచుకుని, గొర్రెలకు వచ్చే గాలికుంటు రోగం గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నారు.

ఎస్సై ఇద్దర్నీ లోపలికి పిలిచి అడిగాడు. "ఆ బొమ్మ నాదే సార్," అన్నాడు తిప్పయ్య. "కత నాది కాదు. అమెరికా యా దిక్కునుండాదో నాకు తెలీదు."

"నాకూ అంతే సామీ," అన్నాడు మారెప్ప.

ఎస్సై యజమానుల వైపు తిరిగాడు. "మీ ఇద్దరి కంపెనీలూ అమెరికాలో ఉండాయి కదా. పోయి ఆడ కేసు పెట్టుకోపోండి. మళ్ళ ఈడ కనపడితే ఇద్దర్నీ లోపలేస్తా."

టిప్పర్‌మన్ సామ్రాజ్యం అక్కడితో కూలింది. కరెంటు కోతలు, బళ్ళారి పోటీ మిగతా పని పూర్తి చేశాయి. శశికుమార్ బడి పిల్లల యూనిఫారాలు కుట్టించడం మొదలుపెట్టాడు. దానికి తాతలు అక్కర్లేదు కాబట్టి బాగానే నిలదొక్కుకున్నాడు. చంద్రిక ప్రైవేటు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పడానికి చేరింది. అక్కడ నిజంగా జరిగినవే చెప్పాలి కాబట్టి తనకు విసుగ్గా ఉందని ఆంజినమ్మతో అనేది. ఆంజినమ్మ రెండు పాత మిషన్లు తెచ్చుకుని ఇంటి ముందర లంగాలు, దిండు గలీబులు కుట్టే చిన్న కొట్టు పెట్టుకుంది. పేరు పెట్టలేదు.

తర్వాత ఒక ఏడు వాన మనసుపెట్టి పడింది. కొండల మీద గడ్డి మొలిచింది. తిప్పయ్య, మారెప్ప కూడబలుక్కుని పిల్లగొర్రెల్ని పాలికి తెచ్చుకున్నారు. పెంచి ఇచ్చేది యజమానికి, పుట్టే పిల్లల్లో సగం వీళ్ళకు. రోజూ పోట్లాడుకుంటూ మేపారు. మంద పెరిగింది. కొండ మీద గాలిమరలు లేచాక వాటి చప్పుడుకు గొర్రెలు బెదురుతున్నాయని తిప్పయ్య కాపలావాడితో తగువేసుకునేవాడు. మోకాలు నొప్పి అలాగే ఉంది, నోరు మాత్రం పూర్తిగా కోలుకుంది.

రెండువేల తొమ్మిది ఎండాకాలంలో, సంగటి, ఊరిబిండి పచ్చడి తిని చేయి కడుక్కుని, మంచం మీద ఒరిగి, ఎండను తిడుతూ తిడుతూ మధ్యలో ఆగిపోయాడు. కొడుకులు ముగ్గురూ వచ్చారు. ఈరన్న చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి నిజంగానే ఏడ్చాడు.

మరుసటి పొద్దున మారెప్ప వచ్చి శవం పక్కన కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి ఆంజినమ్మను పిలిచాడు. "దొడ్డి తడిక తీయమ్మా. పొద్దు ఎక్కుతాండాది. ఎవురు పోయినా గొర్రెకు ఆకలి ఆగదు."

ఆంజినమ్మ కళ్ళు తుడుచుకుని తడిక తీసింది. కర్మలు అయ్యాక, కుట్టు కొట్టు తలుపు మధ్యాహ్నం దాకా తెరుచుకునేది కాదు. పొద్దున్నే మారెప్పతో కలిసి ఆమే మందను తోలుకుపోయేది. దారిలో ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ పోతుంటే వీధివాళ్ళు నిద్ర లేచేవాళ్ళు.